గుండెలో రంధ్రం ఉన్న చంటిబిడ్డను నెమ్ము ఎందుకు వదలదు?

క్లుప్తంగా: గుండెలో పెద్ద రంధ్రంతో పుట్టిన బిడ్డకు మామూలు జలుబు కూడా త్వరగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, ఆలస్యంగా తగ్గుతుంది. ఊపిరితిత్తులకు అవసరానికి మించి రక్తం చేరుతూ ఉండటమే ఇందుకు ప్రధాన కారణం. ఈ ముప్పు పుట్టిన వారంలో పెద్దగా కనబడదు, నెలన్నర దాటాక ముదురుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఆపరేషన్ లేనందువల్ల ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. ఈ ముడి ఎలా పడుతుంది, ఎక్కడ విప్పవచ్చు అన్నదే ఈ వ్యాసం.

విశాఖలో వానలు పట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేవరకూ పిల్లల వార్డులకు తీరిక ఉండదు. దగ్గు, ఆయాసం, పిల్లికూతలతో వచ్చే పసిపిల్లల్లో చాలామంది వారం పది రోజుల్లో కోలుకుంటారు. కొందరు మాత్రం ఇలా ఇంటికెళ్లి అలా తిరిగొస్తారు. నాలుగు నెలలైనా నిండని బిడ్డకు మూడోసారి నెమ్ము చేసిందంటే అప్పుడు ఎకో (గుండె స్కాన్) పరీక్ష రాస్తారు, గుండెలో హోల్ బయటపడుతుంది. అక్కడి నుంచి కుటుంబానికి రెండు మాటలు వినబడతాయి. హోల్ ఉంది కాబట్టే నెమ్ము వస్తోందని ఒకరు అంటారు. నెమ్ము తగ్గేదాకా హోల్‌కు ఆపరేషన్ చేయలేమని ఇంకొకరు అంటారు. ఒకదానికొకటి పొసగనట్టు అనిపించే ఈ మాటలు రెండూ నిజమే.

ఆరో వారం దాకా ఆగే ఆయాసం

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రతి 1000 కాన్పుల్లో సుమారు 8 నుంచి 10 మంది పిల్లల్లో ఉంటాయి. అన్నింటిలోకీ ఎక్కువగా కనిపించేది గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. డాక్టర్లు దీన్ని వీఎస్‌డీ అంటారు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. చిక్కంతా పెద్ద వాటితోనే.

గర్భంలో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు. అక్కడి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. పుట్టి ఏడ్చిన క్షణం నుంచి అవి సడలడం మొదలుపెట్టినా, పూర్తిగా వదులయ్యేందుకు కొన్ని వారాలు పడుతుంది. ఆ బిగువు ఉన్నంతకాలం గుండె కుడి పక్కా ఎడమ పక్కా ఒత్తిడిలో పెద్ద తేడా ఉండదు కాబట్టి, రంధ్రం ఎంత పెద్దదైనా దాని గుండా మళ్లే రక్తం తక్కువే. అందుకే మొదటి రోజుల్లో స్టెతస్కోప్‌కు మర్మర్ అనే అదనపు శబ్దం కూడా వినబడకపోవచ్చు. బిడ్డ పాలు బాగానే తాగుతుంది, డిశ్చార్జి చేసి పంపేస్తారు.

నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య కథ మారుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు సడలేకొద్దీ ఎడమ పక్క నుంచి రక్తం రంధ్రం గుండా కుడి పక్కకు, అక్కడి నుంచి మళ్లీ ఊపిరితిత్తులకు పోతుంది. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డలో ఊపిరితిత్తులకు చేరే రక్తం ఒంటికి చేరేదానికి రెండు మూడు రెట్లు ఉండవచ్చు. తల్లి నుంచి వచ్చిన రక్షక ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, సన్నగిల్లుతూ వచ్చేదీ ఇంచుమించు ఈ రోజుల్లోనే. రెండు గండాలు ఒకే నెలలో కలిసి పడతాయన్నమాట.

నవజాత శిశువు చేతికీ కాలికీ చిన్న క్లిప్పు తగిలించి ఆక్సిజన్ శాతం చూసే పరీక్ష ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో చేస్తున్నారు. అది మంచి పరీక్షే. అయితే ఒళ్లు నీలం తిరిగే రకం లోపాలను పట్టుకోవడానికి పెట్టిన పరీక్ష అది. వీఎస్‌డీలో మంచి రక్తమే తిరిగి ఊపిరితిత్తులకు పోతుంది కాబట్టి ఆక్సిజన్ శాతం తగ్గదు. క్లిప్పు 98 చూపించినంత మాత్రాన గుండెలో రంధ్రం లేదని చెప్పలేం.

ఊపిరితిత్తిలో ఏం జరుగుతుంది?

అదనంగా చేరిన రక్తం వల్ల ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాల నుంచి నీరు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది. తడిసిన స్పాంజిలా బరువెక్కిన ఆ ఊపిరితిత్తి ప్రతి ఊపిరికీ తేలిగ్గా సాగదు. లాగడానికి ఎక్కువ బలం కావాలి. దీనికి తోడు ఉబ్బిన ఊపిరితిత్తుల ధమనులు, పెద్దదైన ఎడమ పై గది పక్కనే ఉన్న గాలి గొట్టాల మీద ఒరుగుతాయి. ముఖ్యంగా ఎడమ ప్రధాన శ్వాసనాళం నలుగుతుంది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మాటిమాటికీ ముడుచుకుపోవడానికి, కఫం అక్కడే నిలవ ఉండిపోవడానికి ఇదొక కారణం.

ఇంతవరకూ ఇంకా ఏ క్రిమీ రాలేదు. బిడ్డ ఉన్న శక్తినంతా ఊపిరికే ఖర్చు పెడుతూ ఎలాగో నెట్టుకొస్తోంది. ఇప్పుడు ఇంట్లో బడికెళ్లే అక్కకో అన్నకో రొంప పట్టి, అది బిడ్డకు అంటుకుందనుకుందాం.

చంటిపిల్లల్లో చిన్న శ్వాసనాళికల వాపుకు, అంటే బ్రాంకియోలైటిస్‌కు, ఎక్కువగా కారణమయ్యేది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. 1956లో దీన్ని మొదట చింపాంజీల్లో గుర్తించారు. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా సోకుతుంది. రైనో, ఇన్‌ఫ్లుయెంజా, పారా ఇన్‌ఫ్లుయెంజా, అడినో వైరస్‌లు, 2025 జనవరిలో వార్తల్లో నానిన హెచ్‌ఎంపీవీ కూడా ఇదే పని చేయగలవు. హెచ్‌ఎంపీవీ అప్పుడు కొత్తగా పుట్టిందేమీ కాదు, 2001 నుంచే వైద్యులకు తెలుసు.

వైరస్ సోకిన గొట్టం లోపలి పొర ఉబ్బుతుంది, కఫం, రాలిన కణాలు పేరుకుంటాయి. ఇక్కడ ఒక లెక్క చూడాలి. నిదానంగా గాలి పారే గొట్టంలో వ్యాసార్ధం సగమైతే అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. 4 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే జరిగేది అదే. పెద్దవాళ్లలో 8 మిల్లీమీటర్ల గొట్టానికి అంతే వాపు వస్తే అడ్డు సుమారు మూడు రెట్లకు పెరుగుతుంది. అక్కకు ముక్కు కారి పోయిన జలుబు చెల్లెలికి ఆసుపత్రి చేరిక అవుతున్నది ఇందువల్లే. ఆ చెల్లెలి ఊపిరితిత్తి ముందే నీరు పట్టి ఉంటే మిగులు శక్తి ఏమీ ఉండదు. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి. అప్పటికే అక్కడ అధిక ఒత్తిడి ఉన్న బిడ్డలో ఆ బిగువు గుండె కుడి భాగాన్ని ఒక్కసారిగా కుంగదీయవచ్చు.

ఈ తేడా ఎంతటిదో 1982లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన మొదటిసారి అంకెల్లో చూపించింది. ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరిన గుండె లోపం ఉన్న శిశువుల్లో 37 శాతం మంది చనిపోగా, గుండె బాగున్న శిశువుల్లో అది 1.5 శాతమే. తర్వాతి దశాబ్దాల్లో సంపన్న దేశాల్లో మొదటి అంకె సుమారు 3 శాతానికి దిగింది. వైరస్ ఏమీ మెత్తబడలేదు, దాన్ని చంపే గొప్ప మందూ రాలేదు. ఐసీయూ సంరక్షణ మెరుగుపడింది, ఆపరేషన్లు నెలల వయసుకే జరగసాగాయి. మన దగ్గర ఏది ముందు బాగుపడాలో తేల్చుకోవడానికి ఈ ఒక్క పోలిక చాలు.

నెమ్మా, గుండె అలసటా?

వైద్యులకు కూడా తికమక కలిగే చోటు ఇది. రెండింటిలోనూ ఊపిరి వేగం పెరుగుతుంది, డొక్కలు ఎగరేస్తారు, పాలు తాగరు, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. తేడా పట్టిచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. గుండె అలసట, అంటే హార్ట్ ఫెయిల్యూర్, ఉన్న బిడ్డకు జ్వరం ఉండకపోవచ్చు. పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట పోస్తుంది. నాలుగు గుక్కలు తాగి ఆగి, రొప్పి, మళ్లీ మొదలుపెట్టి, కడుపు నిండకుండానే అలసి నిద్రపోతుంది. అరగంట దాటినా పాలు పూర్తి కావు. గంటకల్లా ఆకలికి ఏడుస్తుంది. పాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెట్టే ఇళ్లు ఉన్నాయి, తల్లిని తప్పుపట్టే ఇళ్లూ ఉన్నాయి. అలసట బిడ్డదని ఎవరికీ తోచదు.

కాలేయం పెరగడం ఇంకో గుర్తు. అయితే బ్రాంకియోలైటిస్‌లో ఊపిరితిత్తులు గాలి పట్టి ఉబ్బి కాలేయాన్ని కిందికి నెడతాయి కాబట్టి, చేతికి తగిలింది నిజంగా పెరిగిన కాలేయమా, కిందికి జారిందా అన్నది అనుభవం ఉన్న చెయ్యే చెప్పగలదు. ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దదిగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఎకో చేస్తే తేలిపోతుంది. ఒకే బిడ్డలో రెండూ ఒకేసారి ఉండటం కూడా మామూలే.

ఈ తేడా తెలియడం చికిత్సకు అవసరం. బ్రాంకియోలైటిస్‌లో యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్లు, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ వల్ల ఒరిగేది పెద్దగా లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె బిడ్డలో సాల్బుటమాల్ అప్పటికే పరుగెడుతున్న గుండెను ఇంకా తరుముతుంది. సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు పెరుగుతుంది. నీరు తీసే లాసిక్స్ లాంటి మందు మోతాదు మించితే కఫం చిక్కబడుతుంది. ఆక్సిజన్ తగ్గిన బిడ్డకు ఆక్సిజన్ ఇవ్వక తప్పదు. కానీ అది ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలించే మందు కూడా. పెద్ద రంధ్రం ఉన్నచోట మానిటర్ 100 చూపేదాకా పెంచుకుంటూ పోతే ఊపిరితిత్తులకు వరద మరింత పెరుగుతుంది. అందుకే గుండె నిపుణులు ఇంత నుంచి ఇంతవరకు అని ఒక హద్దు రాసిపెడతారు.

ఫాలో టెట్రాలజీ వంటి నీలి రకం లోపాల్లో ఊపిరితిత్తులకు రక్తం తక్కువగా చేరుతుంది. నెమ్ము అంత తరచుగా రాదు. వచ్చినప్పుడు మాత్రం అసలే తక్కువున్న ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. జ్వరం, నీరు తగ్గడం వల్ల హఠాత్తుగా నీలం తిరిగే స్పెల్స్ రావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. వారికి శ్వాస ఇన్ఫెక్షన్ ముప్పు దానికదిగా కూడా ఎక్కువే.

వాయిదాల ముడి

గుండె ఆపరేషన్ సమయంలో రక్తాన్ని గుండె–ఊపిరితిత్తుల యంత్రం గుండా తిప్పుతారు. దాని వల్ల ఒంట్లో వాపు ప్రతిచర్య వస్తుంది, ఊపిరితిత్తులు కొంత దెబ్బతింటాయి. వైరస్ వాపు ఇంకా ఆరని ఊపిరితిత్తి మీద ఇది కూడా పడితే వెంటిలేటర్ రోజులు పెరుగుతాయి, ఊపిరితిత్తుల ఒత్తిడి అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది. తొందరలేని ఆపరేషన్లను ఇన్ఫెక్షన్ తర్వాత సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు ఆపడం అందుకే.

ఆ ఆరు వారాల్లో ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. గుండె బిడ్డకు రోజుకు కిలో బరువుకు 120 నుంచి 150 కిలోక్యాలరీలు కావాలి. మామూలు బిడ్డకు సుమారు 100 చాలు. ఎక్కువ కావలసిన బిడ్డే తక్కువ తాగగలుగుతుంది. బరువు పెరగక, కండ పట్టక, దగ్గి కఫం తీసే సత్తువ కూడా తగ్గుతుంది. నాలుగో వారంలోనో ఐదో వారంలోనో మళ్లీ జలుబు చేస్తుంది, తేదీ మళ్లీ జరుగుతుంది. బరువు పెరిగాక చేద్దాం, నెమ్ము పూర్తిగా తగ్గాక చేద్దాం అనే మాటలు చిన్న రంధ్రాల విషయంలో సబబే. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డలో ఆ రెండూ ఆపరేషన్ అయ్యాకే జరిగే పనులు. అందుకే అనుభవమున్న కేంద్రాలు ఇన్ఫెక్షన్ ఎంత మిగిలి ఉంది, ఆగితే పోయేదెంత అన్నది బిడ్డ బిడ్డకూ వేర్వేరుగా తూచి, అవసరమైతే వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు కూడా ఆపరేషన్ చేస్తాయి. ఇది ధైర్యం చేయడం కిందికి రాదు, లెక్క వేయడం కిందికే వస్తుంది.

ఈ వాయిదాలు నెలలు దాటి సంవత్సరాల్లోకి వెళ్తే ఇంకో మోసం ఉంది. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి కొందరు పిల్లల్లో నెమ్ము దానంతటదే తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, కాస్త ఒళ్లు చేస్తారు. ఇక బాగుపడిందనుకుని చూపించడం మానేస్తారు. రంధ్రం చిన్నదవడం వల్ల అలా జరిగితే సంతోషమే. కానీ నెలలు, ఏళ్ల తరబడి ఒత్తిడికి గురైన ఊపిరితిత్తుల రక్తనాళాలు గోడలు మందమై శాశ్వతంగా బిగుసుకున్నా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. రక్తం మళ్లడం ఆగుతుంది, కొన్నేళ్లకు ఎదురు తిరుగుతుంది, పెదాలు నీలమవుతాయి. ఐజెన్‌మెంగర్ అనే వైద్యుడు 1897లో వర్ణించిన స్థితి ఇది. అక్కడికి చేరాక రంధ్రం మూయడం ప్రాణానికే ప్రమాదం. నెమ్ము తగ్గిన బిడ్డకు కూడా ఎకో తప్పనిసరిగా చేయించాలనడం ఇందుకే.

విశాఖకు ఉన్న ప్రత్యేకతలు

ఉత్తర భారతంలో ఆర్‌ఎస్‌వీ చలికాలపు జబ్బు. దక్షిణాదిలో అది వానలతో ముడిపడి కనిపిస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వానా పడే విశాఖ తీరంలో తడి కాలం అక్టోబరు, నవంబరు దాకా సాగుతుంది. ఆ వెంటనే మన్యంలో చలి మొదలవుతుంది. లంబసింగి, అరకు, పాడేరు వైపు తలుపులు మూసుకుని కట్టెల పొయ్యి పక్కనే పసిబిడ్డను పడుకోబెట్టే కాలం అది. పొగ శ్వాసనాళాల లోపలి సన్నని నూగును దెబ్బతీస్తుంది. కఫాన్ని పైకి నెట్టేది ఆ నూగే. పల్లంలోని ఇళ్లకూ ఇందులో వాటా ఉంది. నూనె రాసి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ప్రేమతో చేసే పనులే. గుండె బిడ్డకు ఆ పొగ చేటు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే నెమ్ము ఏ యాంటీబయాటిక్‌కూ లొంగదు.

దూరం ఇంకో సంగతి. 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి జిల్లాల నుంచే కాక ఒడిశా సరిహద్దు నుంచి కూడా పిల్లలు వస్తారు. పాడేరు నుంచి 100 కిలోమీటర్లకు పైగా, అందులో కొంత ఘాట్ రోడ్డు. బ్రాంకియోలైటిస్ సాధారణంగా జలుబు మొదలైన మూడు నుంచి ఐదు రోజుల మధ్య ముదురుతుంది. మొదటి రెండు రోజులు బాగానే ఉందని ఆగితే ప్రయాణం సరిగ్గా ముదిరిన రోజున పడుతుంది. గుండె లోపం ఉందని తెలిసిన బిడ్డ విషయంలో రొంప రోజునే ఫోను చేయడం, ఆయాసం కనిపించకముందే కొండ దిగడం మేలు.

డబ్బు అడ్డు కొంత తొలగింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుండె లోపాల పరీక్ష, పై ఆసుపత్రికి పంపడం జరుగుతాయి. చికిత్సకు దారి ఉంది. గుర్తించడంలోనే జాగు.

టీకాలు, యాంటీబాడీలు

బాక్టీరియా నెమ్ముకు ప్రధాన కారణాలైన హిబ్, న్యుమోకాకస్‌లకు ఉచిత టీకాలు ఉన్నాయి. మొదటిది పెంటావాలెంట్‌లో భాగం, రెండోది పీసీవీ. 2021లో పీసీవీని దేశమంతటికీ విస్తరించారు. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండాక ఏటా వేయించుకోవాల్సింది, ఉచిత జాబితాలో లేదు. అప్పటిదాకా ఇంట్లోని పెద్దలు వేయించుకోవడమే బిడ్డకు కాపు. గుండె లోపం ఉందని టీకాలు ఆపడం పొరపాటు. ముక్కు కారుతోందని వాయిదా వేయడం కూడా అంతే.

ఆర్‌ఎస్‌వీకి దారి వేరు. బిడ్డకు టీకా ఇవ్వడానికి బదులు తయారుగా ఉన్న యాంటీబాడీనే సూదిమందుగా ఇస్తారు. పాలివిజుమాబ్ అనే మందును 1287 మంది గుండె లోపం ఉన్న పిల్లల్లో పరీక్షించిన ఫలితాలు 2003లో వచ్చాయి. ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రి చేరికలు 45 శాతం తగ్గాయి. నెలనెలా ఇవ్వాలి, ఖరీదు చాలా ఎక్కువ. యంత్రం మీద ఆపరేషన్ జరిగితే రక్తంలో దాని మట్టం సగానికి పైగా పడిపోతుంది కాబట్టి ఆ వెంటనే మరో మోతాదు కావాలి. తర్వాత వచ్చిన నిర్సెవిమాబ్‌ను ఒక కాలానికి ఒకేసారి ఇస్తే సరిపోతుంది. యూరప్ 2022లో, అమెరికా 2023లో అనుమతించాయి. గర్భిణికి చివరి నెలల్లో టీకా వేసి బిడ్డకు యాంటీబాడీలు చేరేలా చేయడం రెండో మార్గం. ఈ రెండింటిలో ఏదో ఒకటి ప్రతి దేశమూ చేపట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సూచించింది. ఆర్‌ఎస్‌వీ వల్ల చనిపోయే అయిదేళ్లలోపు పిల్లల్లో 97 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల వారే. ఆ మందులు ఎక్కువగా వాడుతున్నది మాత్రం మిగతా 3 శాతం మరణాలు జరిగే సంపన్న దేశాలు.

మందుల షాపులో అడిగి తెచ్చే జలుబు చుక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది, గుండెకు భారం. క్లోర్‌ఫెనిరమైన్‌తో కలిపిన ఈ మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో లేబుల్ మీద రాయమంది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు, ఇంతకుమించి ఇంట్లో చేయగలిగింది లేదు.

టీకా రోజు ఒక అవకాశం

ఆశా కార్యకర్త నవజాత శిశువు ఇంటికి వచ్చే చివరి సందర్శన 42వ రోజున. ఆ తర్వాతి వరుస మూడో నెలలో మొదలవుతుంది. రంధ్రం ఉన్న బిడ్డకు ఆయాసం ముదిరేది ఎక్కువగా ఈ ఖాళీలోనే. ఆ మధ్యలో బిడ్డను ఆరోగ్య సిబ్బంది తప్పకుండా చూసేది 6, 10, 14 వారాల టీకా రోజుల్లో. బరువు తూచడం ఎలాగూ ఉంటుంది. మొదటి మూడు నెలల్లో రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. సూది వేయకముందు, బిడ్డ ఏడవక ముందు, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను నిండు నిమిషం లెక్కపెడితే చాలు. రెండు నెలలలోపు 60, ఆపైన ఏడాది దాకా 50 చేరినా దాటినా అది వేగమైన ఊపిరి. జ్వరం లేకుండా ఆ వేగం, పెరగని బరువు, పాలు తాగేటప్పుడు చెమట కలిసి కనిపిస్తే బిడ్డను దగ్గు మందుతో పంపేయకుండా ఎకోకు పంపాలి. డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా, పెదాలు నల్లబడినా అప్పుడిక ఎకో తేదీ కోసం చూడకుండా 108కు ఫోను చేయాలి.